తుఫాను వారం రికార్డు చేసిన సినిమా

తెనాలి నాజరుపేటలో మా ఎదురిల్లు ఫర్జానాది. ఆమె భర్త ఫరూక్ బోసు రోడ్డులో వీడియో లైబ్రరీ నడిపేవాడు. ఇంటికి చుట్టాలొచ్చారంటే చాలు, టీవీ, వీసీఆర్, క్యాసెట్లు కలిపి అద్దెకు తెచ్చుకుని రాత్రీ పగలూ చూసిన రోజులవి. ఫరూక్ మాత్రం సినిమాలు చూసే మనిషి కాదు. దుకాణంలో ఏ క్యాసెట్ ఉండాలి, ఏది అద్దెకు పోతుంది అనేది ఇంట్లో కూర్చుని ఫర్జానా చెప్పేది. ఆమె చెప్పినవే పోయేవి కూడా.

అద్దెకు పోని క్యాసెట్లు ఆమెకు వేరే ఉండేవి. దూరదర్శన్‌లో పాత నలుపు తెలుపు సినిమా వేస్తున్నారంటే వంట ముందే ముగించుకుని, రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చునేది. ప్రకటన రాగానే రికార్డింగు ఆపేది, అయిపోగానే మళ్లీ నొక్కేది. ఆ రెండున్నర గంటలూ ఎవరు పిలిచినా లేచేది కాదు. అలా ఆమె పోగు చేసిన సినిమాల్లో చాలావాటికి తర్వాతి కాలంలో బజారులో కాపీయే లేకుండా పోయింది.

రెండువేల ఒకటి నాటికి లైబ్రరీ మూతపడింది. కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చాయి, క్యాసెట్ అడిగేవాళ్లు లేరు. ఫరూక్ అదే దుకాణాన్ని సెల్‌ఫోన్ల షాపుగా మార్చేశాడు. అద్దె క్యాసెట్లను ప్లాస్టిక్ తూకానికి వేస్తున్న రోజున ఫర్జానా రిక్షా మాట్లాడుకుని వెళ్లి తన పాత సినిమాలు ఏరుకుని తెచ్చుకుంది. పడకగది బీరువాలో ఒక భాగం ఖాళీ చేసి, పాత దుపట్టాలు పరిచి సర్దుకుంది.

"నా చొక్కాలకు చోటు లేదు గానీ చచ్చిపోయిన హీరోలందరికీ చోటుంది," అని ఫరూక్ నాతో వాపోయేవాడు.

ఆ సినిమాల్లో ఒకటంటే ఆమెకు ప్రాణం. అంతఃపురం వదిలి పారిపోయిన ఒక రాణి, ఏరు దాటించే పడవవాడి ఇంట్లో తలదాచుకునే జానపద కథ. పేరు ఇక్కడ చెప్పదలచుకోలేదు. చెబితే మీరు వెళ్లి ఆ డీవీడీ కొంటారు, దాని అట్ట మీద వేరే మనిషి పేరు చదువుతారు. తొంభైలో పెను తుఫాను వచ్చిన వారం దూరదర్శన్‌లో ఆ సినిమా వేశారు. బొమ్మ అడుగున హెచ్చరిక అక్షరాలు పాకుతూ ఉండేవి. కోస్తా జిల్లాల ప్రజలు జాగ్రత్తగా ఉండాలి, మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు అని. రాణి పాట పాడుతుంటే ఆమె కాళ్ల కింద నుంచి తుఫాను పోతూ ఉండేది. మేమందరం ఆ సినిమాను ఆ అక్షరాలతోనే ఎరుగుదుం.

ఇంకో లోపం కూడా ఉండేది దాంట్లో. ఒక ప్రకటన అయిపోయే సమయానికి వంటింట్లో పాలు పొంగాయి. ఫర్జానా ఒక్క చూపు అటు చూసి, మీట ఆలస్యంగా నొక్కింది. దాంతో రాణి "నన్ను ఆ ఒడ్డుకు" అనగానే బొమ్మ ఎగిరిపోయి, పడవవాడు తెడ్డు భుజాన వేసుకుని ఒంటరిగా నడిచిపోతుంటాడు. మధ్యలో ఏమందో తెలియదు. "ఆ పాలు పొంగకుండా ఉంటే రాణి ఏం చెప్పిందో తెలిసేది," అని ఫర్జానా ఎన్నోసార్లు నవ్వుతూ అనేది.

క్యాసెట్లకు మరమ్మతు అవసరమైతే రేపల్లె నుంచి దేవదానం వచ్చేవాడు. ఆయన అక్కడి సినిమా హాల్లో ఆపరేటరుగా చేసి, హాలు మూతపడ్డాక టీవీలు, వీసీఆర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పాసింజరు బండిలో తెనాలికి సామాన్ల కోసం వచ్చిన ప్రతిసారీ ఫర్జానా ఇంటి దగ్గర ఆగి, వీసీఆర్ మూత తీసి టేపును చదివే హెడ్డు తుడిచి, టీ తాగి వెళ్లేవాడు.

రెండువేల మూడులో శశిధర్ వచ్చాడు. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. సొంతూరు కాకుమాను, పొలాలున్న కుటుంబం. పాత సినిమాలు పోగుచేస్తాడని, మంచి మాటకారి అని దేవదానమే చెప్పి తీసుకొచ్చాడు. బీరువా తలుపు తీసి చూపించగానే అతను చెప్పులు బయట విడిచి వచ్చినవాడల్లా గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఇవన్నీ మీరే రికార్డు చేశారా?"

మొదటి మాటే అక్కా అని పిలిచాడు. ఫర్జానాకు తోబుట్టువులు లేరు. ఆ పిలుపు ఆమెకు ఎంత నచ్చిందో ఆ సాయంత్రం నాతో మాట్లాడిన తీరులోనే తెలిసింది. తర్వాత అతను భార్య హిమబిందుతో కలిసి వచ్చాడు. ఆ అమ్మాయి వదినా అనడం మొదలుపెట్టింది. రంజానుకు వాళ్లు ఇక్కడ, కార్తీక మాసంలో వీళ్లు బాపట్లలో. ఫరూక్‌ను శశిధర్ బావగారూ అనేవాడు. "సినిమా పిచ్చి వల్ల నాకొక బావమరిది దొరికాడు," అని ఫరూక్ కూడా సంతోషించాడు.

సెలవు దొరికినప్పుడల్లా ఫర్జానా, దేవదానం, శశిధర్ ముగ్గురూ బాపట్లలో శశిధర్ మేడ మీద గదిలో కలిసేవాళ్లు. తోడు రమ్మంటే నేనూ ఒకట్రెండు సార్లు వెళ్లాను. అక్కడ రెండు టీవీలు పక్కపక్కన పెట్టి, ఒకే సినిమాను ఒకదాంట్లో ఫర్జానా క్యాసెట్, ఇంకోదాంట్లో కంపెనీవాళ్ల సీడీ వేసి పోల్చేవాళ్లు. చిన్నపిల్లల్లా వాదించుకునేవాళ్లు.

విచిత్రమేమంటే రీళ్లతో జీవితమంతా గడిపిన దేవదానం కొత్తదాని పక్షం.

"ఇటు చూడు చెల్లెమ్మా, మొహం మీద పుట్టుమచ్చ కూడా కనబడతంది. నీ క్యాసెట్లో అందరూ మజ్జిగలో ముంచి తీసినట్టున్నారు."

"పుట్టుమచ్చ కనబడితే ఏం లాభం అన్నయ్యా, ముసలి మంత్రి వేషం మొత్తం లేపేశారు. రెండు సీడీల్లో పట్టలేదని కోసి పారేశారు. నా దాంట్లో ఆయన నిక్షేపంగా ఉన్నాడు."

"డీవీడీ వచ్చిందిగా, దాంట్లో అంతా పడుతుంది. హెడ్డు అరగదు, బూజు పట్టదు."

"గీత పడితే? నా క్యాసెట్టు నలిగితే అక్కడ కాసేపు వణుకుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. మీ డిస్కుకు గీత పడితే సినిమా మొత్తం మొండికేసి కూర్చుంటుంది."

శశిధర్ ఎప్పుడూ ఫర్జానా వైపే. "కొత్తది శుభ్రంగా ఉంటుంది దేవదానం గారూ, ఒప్పుకుంటా. పాతది నిండుగా ఉంటుంది. నాకైతే నిండుగా ఉన్నదే కావాలి. అక్క చేతిలో ఉన్నది టేపు కాదండి, ప్రాణం పెట్టి దాచిన సరుకు," అనేవాడు. ఆమె మొహం వెలిగిపోయేది.

రెండువేల నాలుగు వానాకాలంలో బీరువాలోకి చెమ్మ దిగింది. దసరా సెలవుల్లో తీసి చూస్తే రాణి సినిమా క్యాసెట్ లోపలి టేపు చుట్ట అంచున తెల్లగా, తడి పిండి చల్లినట్టు బూజు. ఫర్జానా భయపడిపోయింది. దేవదానం తుడిచాడు గానీ మళ్లీ పట్టదని మాట ఇవ్వలేకపోయాడు. అప్పటిదాకా క్యాసెట్టే గొప్పదని వాదించిన మనిషి మొదటిసారి మెత్తబడింది.

"డీవీడీకి ఎక్కిస్తే నిజంగా నిలుస్తుందా శశీ?"

"నేను కంప్యూటరు కొన్నానక్కా. క్యాసెట్లోంచి నేరుగా డిస్కు మీదికి తీసే కార్డు పెట్టించాను. నాకివ్వండి, నేను ఎక్కిస్తాను. డిస్కూ మీకే, క్యాసెట్టూ మీకే. రెండూ ఉంటాయి."

ఆమె మంచి మంచివి ఏరి రెండు సంచుల్లో పెట్టింది. రాణి సినిమాను విడిగా తువాలులో చుట్టి హిమబిందు ఒళ్లో పెట్టింది. "రైల్లో ఎండ తగలనివ్వకు," అని చెప్పింది. ఆ సంచులు ఎక్కించడానికి ఫరూక్ స్టేషన్ దాకా వెళ్లాడు.

ఎండాకాలం మొదట్లో భార్యాభర్తలిద్దరూ వచ్చారు. శశిధర్ మొహం పీక్కుపోయి ఉంది. సంచిలోంచి ఒక పాలిథీన్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాన్నిండా నలిగి, మెలికలు తిరిగి, ముక్కలైన నల్లటి టేపు.

"క్షమించండక్కా. బూజు వల్ల అతుక్కుపోయింది. మెషిన్ నమిలేసింది. ఆపేలోపే..." తల దించుకున్నాడు. "రాణిగారు పోయారక్కా."

ఫర్జానా కవరు మీద చెయ్యి వేసింది గానీ లోపలికి పెట్టలేదు. కాసేపటికి లేచి వచ్చి, తల వంచుకుని కూర్చున్న శశిధర్ భుజం తట్టింది. "నువ్వేం చేస్తావు తమ్ముడూ. తప్పు నాది, ముందే ఇవ్వాల్సింది. నువ్వు బాధపడకు. అన్నం తిను." అతనికి బలవంతంగా వడ్డించింది. హిమబిందు మాత్రం ఏమీ ముట్టలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం.

వాళ్లు వెళ్లాక ఫర్జానా ఏడ్చింది. ఏడ్చి, "పాపం, నాకు చెప్పడానికి ఎంత నలిగిపోయాడో," అంది. మిగిలిన క్యాసెట్ల సంగతి ఆ బాధలో అడగనేలేదు. అవి అతని దగ్గరే ఉండిపోయాయి.

మరుసటి ఏడాది దసరా తర్వాత ఒక ఉదయం నేను పేపరు పట్టుకుని ఎదురింటికి పరిగెత్తాను. జిల్లా పేజీలో శశిధర్ ఫోటో వచ్చింది. ఎక్కడా ప్రింటు లేదనుకున్న ఒక అరుదైన జానపద చిత్రాన్ని బాపట్ల లెక్చరరు వెతికి పట్టుకుని కాపాడాడని, హైదరాబాదులో ఒక కంపెనీ దాన్ని డీవీడీగా విడుదల చేసిందని రాశారు. ఆ సినిమా మా రాణి సినిమాయే.

ఫర్జానా పేపరు చూసి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "దొరికిందన్నమాట! నా క్యాసెట్ పాడైందని మనసులో పెట్టుకుని ఎక్కడెక్కడ తిరిగాడో చూడు జయా. నాకు చెప్పకుండా ఒకేసారి డిస్కు చేతిలో పెడదామనుకుని ఉంటాడు."

ఆ సాయంత్రమే ఫరూక్‌ను పంపి బోసు రోడ్డులో డీవీడీ తెప్పించింది. దేవదానానికి ఫోను చేయించింది. ఆదివారం ఆయన బండి దిగి వచ్చేసరికి సేమ్యా పాయసం చేసి ఉంచింది. పదహారేళ్లుగా తెలియని ఆ రాణి మాట ఇవాళ తెలుస్తుందని నాకు మళ్లీ మళ్లీ చెప్పింది.

బొమ్మ నిజంగానే బాగుంది. తెర మీద గింజల్లాంటి చుక్కలు లేవు, శబ్దం తేటగా ఉంది. అడుగున తుఫాను అక్షరాలు లేవు. "చూశావా చెల్లెమ్మా, నేను చెప్పలా!" అన్నాడు దేవదానం. కానీ పాట వచ్చినప్పుడు రాణి పాదాలు కనబడలేదు. మోకాళ్ల దగ్గర తెర అయిపోయింది. పడవ ఉంది, తెడ్డు కొస లేదు.

ఆ ఘట్టం వచ్చింది. ఫర్జానా ముందుకు వంగి కూర్చుంది. రాణి పడవవాడి వైపు తిరిగి, "నన్ను ఆ ఒడ్డుకు" అంది. బొమ్మ ఎగిరింది. పడవవాడు తెడ్డు భుజాన వేసుకుని ఒంటరిగా నడిచిపోతున్నాడు.



"వెనక్కి తిప్పండన్నయ్యా," అంది ఫర్జానా.

దేవదానం వెనక్కి తిప్పాడు. అదే చోట, అదే తీరున ఎగిరింది. మళ్లీ తిప్పమంది. మూడోసారి ఆయన రిమోట్ బల్ల మీద పెట్టేశాడు.

"ఇది నా చెయ్యి," అంది ఆమె. "పాలు పొంగినప్పటి నా చెయ్యి ఇది."

అడుగున ఉన్న అక్షరాలు కనబడకుండా బొమ్మను పెద్దది చేసి కోసేశారని దేవదానం మెల్లగా వివరించాడు. పాదాలు పోయింది అందుకే. ఆమె వింటున్నట్టు లేదు. అట్ట తీసి వెనకవైపు చదివింది. "శశిధర్ గారి సేకరణ నుండి" అని ఉంది. తర్వాత ఒక్క మాట అడిగింది, ఎవరినని కాదు.

"మరి ఆ రోజు నేను ఎవరిని ఓదార్చాను?"

అందరికంటే ఎక్కువ మండిపడింది ఫరూక్. ఆ క్యాసెట్లను జీవితమంతా ఎగతాళి చేసిన మనిషి, "రేపే బాపట్ల పోదాం. నా ఇంట్లో అన్నం తిని, నా భార్యతో ఓదార్పించుకుని పోయాడు," అని ఊగిపోయాడు. మర్నాడు ఫరూక్, ఫర్జానా, నేను బండెక్కాం. దారంతా ఫర్జానా కిటికీ దగ్గర ముసుగు సర్దుకుంటూ కూర్చుంది. నిడుబ్రోలు దాటాక మాత్రం, "అతను ఏదో కారణం చెబుతాడు జయా. మంచి కారణమే ఉంటుంది," అంది. ఆమెకు ఇంకా ఆశ ఉంది. అది చూసి నాకు భయమేసింది.

శశిధర్ మొహం గుమ్మంలోనే రంగు మారిపోయింది. అయినా, "రండక్కా, రండి బావగారూ, ఫోను చేస్తే స్టేషనుకు వచ్చేవాణ్ణి కదా," అన్నాడు.

ఫర్జానా కూర్చోలేదు. "పోయిందని ఎందుకు చెప్పావు తమ్ముడూ?"

"ముందు కూర్చోండక్కా. మీకు చెబుదామనే అనుకుంటున్నా. కంపెనీవాళ్లు సినిమా ఎవరి దగ్గరిదని అడిగారు. వీడియో లైబ్రరీ అంటే వాళ్లకు పడదు. దొంగ కాపీల వాళ్లంటారు. అదే లెక్చరరంటే ఇబ్బంది ఉండదని..."

"దొంగలం మేమా?" అన్నాడు ఫరూక్.

"నా ఉద్దేశం అది కాదు బావగారూ. సినిమా బతికింది కదా! వేలమంది చూస్తున్నారు. అక్క కోరుకున్నది కూడా అదేగా?"

"అట్ట మీద పేరు సంగతి నేను అడగట్లేదు," అంది ఫర్జానా. "పోయిందని ఎందుకు చెప్పావు?"

"చెబితే మీరు ఒప్పుకోరేమోనని."

"అడిగావా?"

అతను కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"అడిగితే ఇచ్చేదాన్ని శశీ. నీ పేరే వేసుకోమనేదాన్ని. నువ్వు అక్కా అన్నావు. నీకు లేదంటానా?"

అతను తల దించుకున్నాడు. ఆ రోజు ఫర్జానా ఇంట్లో దించుకున్నట్టే దించుకున్నాడు. ఆ సంగతి ఆమె కూడా గమనించినట్టుంది, ఒకడుగు వెనక్కి వేసింది.

"ఆ కవర్లో తెచ్చి చూపించిన టేపు ఎవరిది?"

"అదేదో పాత క్యాసెట్..."

"మా పెళ్లిదండి వదినా."

వంటింటి గుమ్మంలో హిమబిందు నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసుల పళ్లెం. "మా పెళ్లి క్యాసెట్. డిస్కుకు ఎక్కించేశాంగా, ఇంకెందుకని పీకి నలిపారు." పళ్లెం అక్కడే గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

బయలుదేరేముందు ఫర్జానా అసలు క్యాసెట్ ఎక్కడుందని అడిగింది. కంపెనీవాళ్ల దగ్గరుందని, రప్పించి పంపుతానని, తన మీద ఒట్టని శశిధర్ చెప్పాడు. మిగిలినవి కూడా సర్ది పంపుతానన్నాడు. ఫరూక్ అప్పటికప్పుడు తీసుకుపోదామన్నాడు గానీ ఆమె అప్పటికే గుమ్మం దాటేసింది. తిరుగు బండిలో ఆమె నా భుజం మీద తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోలేదని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

నెల తిరిగేలోపు కొరియర్లో పార్శిలు వచ్చింది. విప్పితే ఆమె క్యాసెట్టే. పగిలిన మూల, ఫరూక్ లైబ్రరీ ముద్ర, ఆమె ఉర్దూలో రాసి అంటించిన చీటీ, అన్నీ ఉన్నాయి. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇచ్చేశాడు జయా. మనిషి పూర్తిగా చెడిపోలేదు," అంది. చీటీని చీర కొంగుతో తుడిచింది. వీసీఆర్లో పెట్టింది.

బొమ్మ వచ్చింది. శుభ్రంగా ఉంది. గింజలు లేవు. అడుగున హెచ్చరికలు పాకడం లేదు. రాణి పాట పాడుతోంది, మోకాళ్ల దాకానే ఉంది.

డీవీడీని మళ్లీ ఒక కొత్త టేపు మీదికి ఎక్కించి, ఆ చుట్టను ఆమె పాత క్యాసెట్ పెట్టెలో బిగించి పంపాడు. వారం తర్వాత దేవదానం మరలు విప్పి చూసి అదే చెప్పాడు. ఎక్కించేముందు బూజు తుడవడానికి చుట్టను వేరే పెట్టెలోకి మార్చి ఉంటాడని, పాత పెట్టె అతని దగ్గరే మిగిలిపోయి ఉంటుందని అన్నాడు. అసలు టేపు ఏమైందో ఆయనకూ తెలియదు. "కొత్తది మంచిదని నేనే వాదించాను చెల్లెమ్మా," అని మాత్రం అన్నాడు బాధగా. "కొత్తది ఏం చేసిందన్నయ్యా," అంది ఫర్జానా.

మొదటిసారి మోసపోయినప్పుడు ఆమె ఏడ్చింది, బండెక్కింది, అడిగింది. ఈసారి అవేవీ లేవు. బొమ్మ చూసిన ఆ పూటే క్యాసెట్ బయటికి తీసి, ఫరూక్ సెల్‌ఫోను అడిగి తీసుకుని, నా ఎదురుగానే శశిధర్‌కు చేసింది.

"అందిందక్కా?" అన్న అతని గొంతు నాకు కూడా వినబడింది.

"అందింది. నా సినిమా నాకు తెలియదనుకున్నావు చూడు, అది చాలు. ఇక నన్ను అక్కా అని పిలవొద్దు."

ఫోను పెట్టేసి పొయ్యి మీద అన్నం చూడడానికి లోపలికి వెళ్లింది.

రెండువేల ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం ఆటో దిగి హిమబిందు వచ్చింది. ఒక్కతే. వెంట రెండు గోనె సంచులు. మోయలేక మోయలేక గుమ్మంలోకి లాగింది. ఫర్జానా మిగిలిన క్యాసెట్లన్నీ వాటిలో ఉన్నాయి.

"ఆయనకు చెప్పలేదు వదినా. అడిగినప్పుడు చెబుతాను. మీ రాణి సినిమా మాత్రం లేదు. డిస్కు అచ్చయ్యాక కంపెనీవాళ్లు పంపుతామంటే ఈయనే వద్దన్నారు. అక్కడే పారేసి ఉంటారు." చెమట తుడుచుకుంటూ కూర్చుంది. "మా పెళ్లి డిస్కు కూడా పాడైపోతోంది. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతోంది."

ఫర్జానా ఆమెకు మంచినీళ్లిచ్చింది. తర్వాత ఆమె చేసిన పని నేను ఊహించలేదు. సంచి విప్పి, ఒక్కొక్క క్యాసెట్టే తీసి వీసీఆర్లో పెట్టి చూడడం మొదలుపెట్టింది. కొంచెం ముందుకు, మధ్యలోకి, చివరికి. అది తనదేనని తేలాక పక్కన పెట్టేది, ఇంకొకటి తీసేది. హిమబిందు అంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తనను అనుమానిస్తున్నారని ఆ పిల్లకు తెలుసు. తను అనుమానిస్తున్నానని ఫర్జానాకూ తెలుసు. నేను ఒకసారి "తర్వాత చూడొచ్చులే" అన్నాను. ఆమె తల తిప్పలేదు. ఒక సంచి పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. అన్నీ ఆమెవే. అప్పుడు టీవీ ఆపింది.

"తిని వెళ్లు తల్లీ," అంది.

హిమబిందు తిన్నది. ఫరూక్ స్కూటరు మీద స్టేషనుకు దింపుతానన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వస్తానండి ఫర్జానా గారూ," అంది ఆ అమ్మాయి. ఆ పిలుపు మార్పు ముగ్గురం విన్నాం. తలుపు వేశాక ఫర్జానా అక్కడే నిలబడిపోయింది.

"పాపం, అంత దూరం మోసుకొచ్చింది. నేనేం చేశాను జయా?"

"ఇదివరకు నేనిలా ఉండేదాన్ని కాదు," అని తనే అంది. అతను పట్టుకెళ్లినవాటిలో సినిమా ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది.

హిమబిందు మళ్లీ రాలేదు. శశిధర్‌కు ఆ తర్వాతి ఏడాది ఏదో సంస్థ శాలువా కప్పిందని పేపర్లో చూశాను, ఎదురింటికి తీసుకెళ్లలేదు. దేవదానం ఇప్పటికీ రేపల్లె నుంచి వస్తాడు. బాపట్ల కలయికలు ఆగిపోయాయి. సంగం జాగర్లమూడి నుంచి ఒక పెద్దాయన తన తల్లి చూడాలనుకుంటున్న పాత సినిమా ఒకటి అడగడానికి వచ్చాడు. అది బీరువాలో ఉంది. ఫర్జానా లేదని చెప్పి పంపేసింది. రెండు రోజులు అన్నం సహించలేదు ఆమెకు. ఆయన పేరు కూడా అడగలేదు, కబురు చేద్దామంటే ఎవరికి చేయాలో తెలియదు.

ఆ మధ్య వీసీఆర్ హెడ్డు పూర్తిగా అరిగిపోతే, ఎక్కడా దొరకడం లేదని దేవదానం చేతులెత్తేశాడు. ఫరూక్ ఎవరికీ చెప్పకుండా విజయవాడ వెళ్లి, పాత సామాన్ల కొట్లు తిరిగి ఒక వీసీఆర్ మోసుకొచ్చాడు. శుక్రవారం సాయంత్రాలు దుకాణం కట్టేసి వచ్చి ఆమె పక్కన కూర్చుంటున్నాడు. "ఈయన ఎవరు? మంచివాడా, చెడ్డవాడా?" అని అడుగుతుంటాడు. ఆమె ఓపికగా చెబుతుంది. సగం సినిమా కాకముందే ఆయన కుర్చీలో నిద్రపోతాడు. ఆమె శబ్దం తగ్గించి, చివరిదాకా చూసి లేస్తుంది.